హాంక్‌డాక్ పేరు చేజారిన రోజు

"ఆ తాళం అడగొద్దు బౌమా. ఇంకోసారి అడిగావంటే ఈ పూట మంచినీళ్ళు కూడా ముట్టను."

మధ్యాహ్నం నుంచి మా అత్తగారు తన కోడల్ని, అంటే నన్ను, ఈ మాట అనడం ఇది నాలుగోసారి. మామగారి గది గుమ్మానికి అడ్డంగా వెదురు మోడా వేసుకుని, వీపు తలుపుకి ఆనించి కూర్చుంది ఆవిడ. ఆ గది తాళంచెవి ఆవిడ చీర చెరగుకు కట్టిన గుత్తిలో ఉంది. గుత్తి భుజం మీంచి వెనక్కి వేలాడుతోంది. తాళంచెవికీ తాళానికీ మధ్య జానెడు దూరం. మాకూ తాళంచెవికీ మధ్య మా అత్తగారు.

గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. సాయంత్రం ఆరు దాటితే మా మామగారు, కొడుకులు బాబా అని పిలిచే మనిషి, పదకొండేళ్ళు పెంచిన 'హాంక్‌డాక్' అన్న పేరు మాది కాకుండా పోతుంది.

మా ఆయన సౌగత పొద్దున్నుంచి ఆ పేర్లమ్మే కంపెనీతో ఫోన్లో మాట్లాడి మాట్లాడి గొంతు పోగొట్టుకున్నాడు. అయినా తల్లి ముందు గొంతుక్కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాడు.

"మా, కొంచెం విను. వెబ్‌సైట్ పేరు ఒకసారి కొంటే అయిపోయేది కాదు. ఏడాదికోసారి మళ్ళీ కట్టి నిలబెట్టుకోవాలి. ఇన్నాళ్ళూ బాబా కట్టారు. ఈసారి ఎవరూ కట్టలేదు. గడువు దాటి రెండు నెలలైంది. పాతవాళ్ళకిచ్చే ఆఖరి అవకాశం ఇవాళ ఆరింటి దాకానే. తరవాత ఎవడు ముందు పట్టుకుంటే వాడిది."

"కట్టమని వాళ్ళు చెప్పొద్దా?"

"చెప్పారు. నలభై మెయిళ్ళు పెట్టామంటున్నారు. అవన్నీ బాబాకి వెళ్ళాయి. బాబా మెయిల్ బాబా లాప్‌టాప్‌లో తెరుచుకుంటుంది. ఆ లాప్‌టాప్ నీ వెనకాల ఉంది."

"ఉండనీ. బార్షిక్ అయ్యాక తెరుస్తాను."

"బార్షిక్ ఇంకా తొమ్మిది రోజులుంది మా."

"పదకొండు నెలలు ఆగినవాళ్ళు తొమ్మిది రోజులు ఆగలేరా?"

సౌగత నా వైపు చూశాడు. ఈ చూపు నాకు పెళ్ళైన పంతొమ్మిదేళ్ళుగా తెలుసు. 'నావల్ల కాదు, నువ్వు చూడు' అని దాని అర్థం.

కాలాశౌచం అందరిళ్ళల్లోనూ ఉంటుంది. ఏడాదిపాటు శుభకార్యాలు చెయ్యరు, ఇంట్లో పెద్ద పూజలు చెయ్యరు. అంతవరకే. మా అత్తగారు దానికి సొంతంగా ఒక అధ్యాయం చేర్చింది. మామగారి బల్ల, పుస్తకాలు, కళ్ళద్దాలు, లాప్‌టాప్, ఫోను ఎక్కడున్నవి అక్కడే ఉండాలి. ఏడాది నిండి సంవత్సరీకం, అదే బార్షిక్, జరిగేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఈ నియమం ఎక్కడ రాసుందో కనుక్కుందామని మా మరిది టుకాయ్ మధ్యాహ్నం పురోహితుడు భట్టాచార్జీ మొశాయ్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. ఆయన భోజనం చేస్తూ, "శాస్త్రంలో లాప్‌టాప్ గురించి ఏమీ లేదు బాబూ, నిస్సంకోచంగా ముట్టుకోండి" అన్నాడు.

"నేను శాస్త్రాన్ని అడిగానా?" అంది మా అత్తగారు. భట్టాచార్జీ మొశాయ్ దగ్గు అడ్డం పెట్టుకుని ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడు టుకాయ్ తల్లి పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ముప్ఫై నాలుగేళ్ళవాడు, కొరియర్ ఆఫీసులో పదిమంది మీద పెత్తనం చేస్తాడు, తల్లి పక్కన కూర్చుంటే మాత్రం ఆరేళ్ళవాడైపోతాడు.

"మా, భయపడకు. బాబా రికార్డు చేసిన పాటలూ కేకలూ ఏవీ పోలేదు. అవి వేరే చోట భద్రంగా ఉన్నాయి. ఇల్లు మనదే. గుమ్మం మీద నంబరు పలక ఊడిపోయింది, అంతే."

"పలక ఊడిన ఇంటికి ఉత్తరం ఎలా వస్తుందిరా?"

ఇప్పుడు వాడూ నా వైపే చూశాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, వరండాలో కాలాచాంద్-దా పొద్దుట్నుంచీ కూర్చునే ఉన్నాడని. రెండుసార్లు టీ ఇచ్చాను. కప్పులు కడిగి గోడ మీద బోర్లించి మళ్ళీ అదే బెంచీ మీద కూర్చున్నాడు. వెళ్ళమంటే వెళ్ళడు, లోపలికి రమ్మంటే రాడు.

కాలాచాంద్-దా హౌరా–బండేల్ లోకల్ రైల్లో హజమి గుళికలు అమ్ముతాడు. ముప్ఫయ్యేళ్ళుగా అదే బండి, అదే పుల్లటి నల్ల గుళికలు. తిన్నది అరగనివాళ్ళ గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పే పెద్ద కేక ఒకటుంది ఆయనకి. అత్తగారింటి మాంసం దగ్గర మొదలై ఆఫీసులో పెద్దసారు తిట్ల దాకా ఏది మింగినా అరిగించేస్తానంటాడు. మా మామగారు అనాదినాథ్ నందీ ముప్ఫయ్యారేళ్ళు ఏడూ నలభై రెండు బండిలో ఆఫీసుకి వెళ్ళి, రిటైరయ్యాక కూడా అదే బండి ఎక్కి, ఇలాంటి కేకలన్నీ రికార్డు చేసుకొచ్చి, అమ్మేవాళ్ళ కేకలూ పిలుపులూ అని అర్థం వచ్చేలా పేరు పెట్టిన ఈ హాంక్‌డాక్ వెబ్‌సైట్లో పెట్టారు. మూడొందల పన్నెండు మంది గొంతులు. ఒక్కొక్కరికీ ఒక కార్డు అచ్చేయించి మెడలో వేశారు. దాని మీద ఉన్న గళ్ళ క్యూఆర్ గుర్తుకి ఫోను చూపిస్తే వాళ్ళ కేక వినిపిస్తుంది, ఫోను నంబరు కనిపిస్తుంది. ఈ రోజుల్లో పెళ్ళిళ్ళకి రైలు మరమరాల ఝాల్‌మురీ వాణ్ణి, హజమి వాణ్ణి పిలిపించి నిలబెట్టడం గొప్పయింది కదా, ఆ కార్డు చూసే పిలుస్తారు.

"మా, నిన్న కొన్నగర్ పెళ్ళిలో ఏమైందో ఒకసారి కాలాచాంద్-దా నోట వినండి," అన్నాను. "ఆ తరవాత నేను తాళం గురించి ఎత్తను. ఒట్టు."

"నువ్వు ఒట్టేసి నిలబెట్టుకున్నదెప్పుడు?" అంది కానీ లేచింది. లేస్తూ మోడా కూడా చంకన పెట్టుకుని వచ్చింది. తలుపు మా ముగ్గురికీ వదిలేసి వెళ్ళేంత అమాయకురాలు కాదు. తాళం గుత్తి ఆవిడతోనే ఉందిగా.

కాలాచాంద్-దా ఆవిణ్ణి చూసి నిలబడ్డాడు. 

"చెప్పు కాలాచాంద్. నిన్న కొన్నగర్ పెళ్ళిలో ఏమైందట?"

"ఏం లేదులెండి మాసిమా."

"ఏం లేకపోతే పొద్దుట్నుంచీ నా బెంచీ ఎందుకు అరగదీస్తున్నావు?"

ఆయన మెడలో కార్డు చొక్కాలోకి తోసేసుకున్నాడు. "పెళ్ళికూతురి నాన్న చాలా పెద్దమనిషి మాసిమా. వియ్యాలవారికి చూపించాలని నన్ను దగ్గరికి పిలిచాడు. 'ఇదిగో, ఈ కార్డుకి ఫోన్ చూపిస్తే ఈయన కేక వస్తుంది' అని అందరి ముందూ చూపించాడు. కేక రాలేదు."

"మరేమొచ్చింది?"

ఆయన నా వైపు చూశాడు. నేను చెప్పమన్నట్టు తలూపాను.

"పేకాట మాసిమా. డబ్బులు పెట్టి ఆడే పేకాట. అందులో... బట్టలు సరిగ్గా లేని అమ్మాయిలు ఇద్దరు. రండి రండి అని పిలుస్తున్నారు. పెళ్ళికొడుకు తాతగారు పక్కనే ఉన్నారు. ఫోన్ ఎంత నొక్కినా ఆగలేదు. పెళ్ళికూతురి నాన్న నన్ను తిట్టలేదు. 'నువ్విక వెళ్ళిరా నాయనా' అన్నాడు. తిట్టినా బాగుండేది."

సౌగత నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. నాకూ నవ్వొచ్చింది, అబద్ధమెందుకు. కానీ కాలాచాంద్-దా మొహం చూసి మింగేశాను.

"మా బండేల్ లైన్లో అందరం కార్డులు తీసేశాం," అన్నాడు ఆయన. "పల్లీల గణేన్ తియ్యనన్నాడు. 'నందీబాబు చేత్తో వేశాడు, చచ్చినా తియ్యను' అని కార్డు తిరగేసి వేసుకు తిరుగుతున్నాడు."

మా అత్తగారు చెయ్యి చాపింది. "ఆ కార్డు ఇలా ఇవ్వు. టుకాయ్, ఫోన్."

"వద్దు మా, నువ్వు చూడకూడదు అలాంటివి."

"డెబ్బై రెండేళ్ళు వచ్చాయి నాకు. నేను చూడకూడనిది ఇంకా ఏం మిగిలిందిరా?"

టుకాయ్ ఫోన్ ఇచ్చాడు. నేను సాయం చెయ్యబోయాను కానీ ఆవిడ అవసరం లేకుండానే కెమెరా తెరిచింది, గళ్ళ గుర్తుకి ఎదురుగా పట్టింది, పైన వచ్చిన అక్షరాల మీద వేలు పెట్టింది. అంత చకచకా ఎలా చేసిందా అని నేను ఆశ్చర్యపోతూండగానే పేకాట మొదలైంది. డప్పు, ఈలలు, 'రండి, గెలవండి' అని ఒక మగగొంతు.

ఆవిడ మొహంలోకి కోపం రాలేదు. ఆశ్చర్యం అసలే లేదు.

"ఇదే," అంది. "ఈ గొంతే."

నాకు అప్పుడు తట్టింది. "మా, మీరు ఇది ఇంతకుముందు చూశారా?"

 ఫోను మూసి టుకాయ్ చేతిలో పెట్టింది. కార్డు కొంగుతో తుడిచి కాలాచాంద్-దా చేతిలో పెట్టింది.

"ఎప్పుడు చూశారు?"

"మహాలయ అమావాస్య మర్నాడు," అంది.

సౌగత నవ్వు ఆగిపోయింది. "అంటే రెండు నెలలైంది. గడువు దాటగానే కంపెనీ ఆ పేరు మీద ఈ ప్రకటనలు పెట్టేసింది, ఆ మొదటి రోజే నీకు తెలుసు. ఒక్క మాట మాకు చెప్పలేకపోయావా?"

"ఏమని చెప్పనురా? రోజూ మధ్యాహ్నం మీరంతా పడుకున్నాక నేను ఫోన్లో మీ నాన్న గొంతు వింటున్నానని చెప్పనా?"

 ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో హాంక్‌డాక్ అంటే మా అత్తగారికి సవతి అని అందరికీ తెలుసు. 'ఆదివారం ఒక్కరోజే నా మొగుడు, మిగతా ఆరు రోజులూ బండేల్ లోకల్‌కి మొగుడు' అని ఎంతమంది ముందు ఆడిపోసుకుందో. ఆయన గదిలో కూర్చుని చనా అమ్మేవాడి కేక విని మురిసిపోతూంటే, వంటింట్లోంచి గరిటె గిన్నెకేసి కొట్టేది. ఒక్క కేక కూడా వినలేదని ఒట్టేసి చెప్పేది.

"ప్రతి కేకకీ ముందు ఆయన చెప్పేవారు కదా," అంది ఆవిడ, వరండా గడపమీద కూర్చుంటూ. "ఇవాళ తారీఖు ఫలానా, ఏడూ నలభై రెండు బండి, మూడో పెట్టె, వాన పడుతోంది అని. ఆ నాలుగు ముక్కల కోసం వినేదాన్ని. కేక మొదలవగానే ఆపేసేదాన్ని. రోజుకొకటి. మూడొందల పన్నెండున్నాయి, బార్షిక్ దాకా సరిపోతాయనుకున్నాను. ఆ రోజు ఆయన గొంతు రావాల్సిన చోట... ఈ పేకాటవాడి గొంతు వచ్చింది. గొంతులు కూడా కొన్నాళ్ళకి వెళ్ళిపోతాయి కాబోలు అనుకున్నాను."

టుకాయ్ తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడ విసురుగా తోసేసింది, మళ్ళీ తనే ఆ చెయ్యి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది.

"బౌమా."

"చెప్పండి మా."

"గుత్తిలో చిన్నది, ఇత్తడిది. నువ్వే విప్పు."

నాలుగున్నరకి తలుపు తెరిచాం. పదకొండు నెలల ఇరవై ఒక్క రోజుల గాలి ఒక్కసారి మొహానికి కొట్టింది. బల్ల మీద ఆయన కళ్ళద్దాలు మడవకుండా ఉన్నాయి. వాటిని సౌగత చూసి చూడనట్టు పక్కకి జరిపాడు. లాప్‌టాప్‌కి తీగ తగిలించి తెరిస్తే పాస్‌వర్డ్ తాళమేదీ లేదు. తాళాల మీద నమ్మకమంతా భార్యకే వదిలేసిన మనిషి ఆయన.

మెయిళ్ళు నలభై కాదు, నలభై మూడు. మొదటివి 'గౌరవనీయులైన నందీగారికి' అని చేతులు జోడించి రాశారు. పోనుపోను గౌరవం తగ్గుతూ వచ్చింది. చివరిది రెండే వాక్యాలు.

టుకాయ్ వేళ్ళు చకచకా కదిలాయి. "పాత పాస్‌వర్డ్ తెలీదు, కొత్తది పెట్టుకోవాలి. బాబా మెయిల్‌కి లింకు వస్తుంది... వచ్చింది. నొక్కాను. ఇప్పుడు బాబా ఫోనుకి ఓటీపీ పంపిస్తామంటున్నాడు. పంపించనా?"

"ఆగు. ఫోనేదీ?" అన్నాను.

మా అత్తగారు సొరుగులోంచి స్వయంగా తీసింది. చార్జింగు పెట్టాం. పావుగంటకి వెలిగింది. వెలిగి, పైన మూలలో 'సేవ లేదు' అని చూపించింది.

సౌగత సిమ్ తీసి తుడిచి పెట్టాడు. మళ్ళీ 'సేవ లేదు'. మళ్ళీ తీశాడు. ఆ మూడోసారికి నేను టుకాయ్ మొహం చూశాను. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు.

"టుకాయ్," అన్నాను. "నెలనెలా రీఛార్జ్ చేయించే పని ఎవరిది?"

"నాదే బౌది."

"చేయించావా?"

మరిది లాప్‌టాప్ తెర వైపు తిరిగాడు.

"చేయించాడు," అంది మా అత్తగారు. "ప్రతి నెలా అడుగుతూనే ఉన్నాను. చేయించానమ్మా అంటూనే ఉన్నాడు."

"చేయించలేదు మా."

గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. సౌగత సిమ్‌ని బల్ల మీద పెట్టాడు. "ఎప్పట్నుంచి?"

"మూడో నెల నుంచి. మొదటి రెండు నెలలూ చేయించాను దాదా, కాళీమాత ఒట్టు. మూడోసారి వెళ్తే ఆ దుకాణం అతను 'నందీబాబు నంబరు కదా, ఎలా ఉన్నారు, కనపడ్డం లేదు' అన్నాడు. నేను... బాగున్నారని చెప్పి వచ్చేశాను. ఆ తరవాత ఆ సందులోకే వెళ్ళలేదు."

"వేరే దుకాణం లేదా శ్రీరాంపూర్లో? నీ ఫోన్లోంచి చెయ్యడం రాదా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది."

"వచ్చు. ప్రతిసారీ ఆ నంబరు కొట్టేవాణ్ణి. కిందన బాబా పేరు వచ్చేది. మూసేసేవాణ్ణి. ఎందుకని అడక్కు దాదా."

సౌగత అడగలేదు. ఆ కోపమంతా ఎక్కడ పెట్టాలో తెలీక ఫ్యాను స్విచ్చి ఆపాడు, మళ్ళీ వేశాడు. నేను మా అత్తగారి తిట్ల కోసం చెవులు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ టుకాయ్ వైపు తిరిగింది.

"తల్లీ కొడుకులం ఒక్క తానులో గుడ్డలం," అంది. "ఇప్పుడా నంబరు ఎవరి దగ్గరుంది?"

ఆ ప్రశ్న మాకెవరికీ తట్టలేదు. రీఛార్జ్ ఆగిన నంబరు కొన్నాళ్ళకి ఇంకొకరికి ఇచ్చేస్తారు. సౌగత తన ఫోన్లో 'బాబా' అని ఉన్నదాని మీద నొక్కాడు. నొక్కాక వేలు వెనక్కి తీసుకున్నాడు, కాలినట్టు. మోగింది. నాలుగోసారికి ఎత్తారు.

"ఆఁ, చెప్పండి."

ఒక మగమనిషి. వెనక ఏదో బుస్సుమంటోంది. సౌగత పరిచయం చేసుకుని, జరిగింది చెప్పి, "మీకిప్పుడొక ఆరంకెల నంబరు వస్తుంది, దయచేసి చెప్పండి" అన్నాడు. టుకాయ్ నొక్కాడు.

"వచ్చింది," అన్నాడు అవతలి మనిషి. "ఓటీపీ. ఎవరితోనూ చెప్పకూడదని కిందనే రాసుంది. టీవీలో కూడా రోజూ చెప్తున్నారు. మీలాంటివాళ్ళు మా బావమరిదిని నిలువునా ముంచారు. సిగ్గుండాలయ్యా." ఫోన్ పెట్టేశాడు.

ఐదూ పన్నెండు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. పది నిమిషాలకి ఆ అంకెలు చెల్లకుండా పోయాయి. టుకాయ్ మళ్ళీ పంపించాడు. కాలాచాంద్-దా వరండాలోంచి తన ఫోనుతో చేశాడు. 'మళ్ళీ నువ్వా' అని కేక వినిపించింది, తెగిపోయింది. అవీ చెల్లకుండా పోయాయి.

"ఇంకొక్కసారే పంపిస్తాడట," అన్నాడు టుకాయ్. "అదీ తప్పితే రేపటిదాకా ఆగాలి."

"రేపటిదాకా ఆగి ఏం చెయ్యను?" అన్నాను. "నేను చేస్తాను. ఇరవయ్యేళ్ళుగా తొమ్మిదో తరగతికి భూగోళం చెప్తున్నాను. నా మాట వినకుండా ఎలా పెడతాడో చూస్తాను."

ఐదూ నలభై మూడుకి నా ఫోన్లోంచి చేశాను, స్పీకర్లో పెట్టి. ఎత్తగానే ఓటీపీ మాట ఎత్తకుండా ముందు ఆయన పేరు అడిగాను. గుణధర్ అట. కాల్నాలో ఇస్త్రీ దుకాణం. ఆ బుస్సు ఇస్త్రీపెట్టెది.

"గుణధర్‌బాబూ, మీరు జాగ్రత్తగా ఉండటం మంచిదే. మేం మోసగాళ్ళమైతే మీ నంబరు అడుగుతాం గానీ మా నంబరు అడగం. మీ ఫోన్ నంబరు ఇంతకుముందు మా మామగారిది." టుకాయ్‌కి సైగ చేశాను, వాడు ఆఖరిసారి నొక్కాడు.

"నందీబాబుదేనా?"

మేమందరం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం.

"మీకెలా తెలుసు?"

"తెలీకపోవడమేంటమ్మా. ఆరు నెలలుగా నా ప్రాణం తోడేస్తున్నారు. తెల్లారకుండా అగరొత్తులవాడు చేస్తాడు. మధ్యాహ్నం దువ్వెనలవాడు. కట్వా లైనట, బంగావ్ లైనట. ఎత్తగానే కేక వేస్తారు, 'నందీబాబూ, కొత్తది కట్టాను వినండి' అని. నేను వద్దనేలోపు మొత్తం వినిపించేస్తారు. ఒకడు నిమ్మబిళ్ళల మీద కట్టాడమ్మా, బావుంది, అది వేరే సంగతి. ఇంతమందికి నంబరిచ్చి, ఆ పెద్దమనిషి నంబరు మార్చుకుని హాయిగా కూర్చున్నాడు. ఇదిగో మీ ఓటీపీ వచ్చింది. చెప్తాను. కానీ ఆయనకే చెప్తాను. ఒకసారి ఫోన్ ఆయనకివ్వండి. రెండు మాటలు అడిగేది ఉంది."

టుకాయ్ తెర మీద అంకెలు దిగుతున్నాయి. తొమ్మిది నిమిషాలు చిల్లర.

సౌగత నా చెవిలో, "నేను మాట్లాడనా? బాబా గొంతులా" అన్నాడు.

నేను నోరు తెరిచాను. ఏం లేదు, ఒక్క మాట చెప్పాలి. తరగతిలో అగ్నిపర్వతాల గురించి గంటసేపు చెప్పగల నోరు అది. "ఆయన... బయటికి..." అన్నాను. మరిది తిట్లు తింటాడని చెవులు సిద్ధం చేసుకున్న నేను.

"బయటికెళ్ళారా? ఎప్పుడొస్తారు? అప్పుడే చెయ్యండి మరి."

"ఉండండి," అన్నాడు సౌగత.

మా అత్తగారు నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. స్పీకరు మాటే తెలీనట్టు చెవికి ఆనించుకుంది. రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుంది.

"గుణధర్ బాబూ, నేను నందీబాబు భార్యని."

"నమస్కారం మాసిమా."

"ఆయన బయటికి వెళ్ళలేదు." ఆగింది. టుకాయ్ తల దించుకున్నాడు. "ఆయన చనిపోయారు నాయనా. పోయినేడు అగ్రహాయణ మాసంలో. పొద్దున బండికి వెళ్ళాలని చొక్కా వేసుకుని, ఇదే బల్ల దగ్గర కూర్చుని, చనిపోయారు."

శ్రాద్ధం కార్డు అచ్చేసినప్పుడు, బంధువులకి కబురు పెట్టినప్పుడు, ఆఖరికి పింఛను ఆఫీసు కాయితంలో కూడా మేం వేరే వేరే మాటలు వెతుక్కున్నాం. వెళ్ళిపోయారు అన్నాం, లేరు అన్నాం, స్వర్గస్థులు అన్నాం. ఈ మాట ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఆవిడ నోటే మొదటిసారి వినడం. 

అవతల ఇస్త్రీపెట్టె బుస్సు ఆగింది. లైను తెగిందేమో అనుకున్నాను. తెగలేదు.

"మాసిమా," అన్నాడు గుణధర్.  "నాకు తెలీదు మాసిమా. నేను పాపం అంత దూరం నుంచి చేస్తున్నారు కదా, బాధపెట్టడమెందుకని... ఆ చేసినవాళ్ళందరికీ 'ఆయన బయటికెళ్ళారు, మళ్ళీ చెయ్యండి' అని చెప్తూ వచ్చాను. ఒక్కొక్కళ్ళు ఐదారుసార్లు చేశారు. ఆ నిమ్మబిళ్ళలతను రేపు మళ్ళీ చేస్తానన్నాడు. ఇప్పుడు వాళ్ళకేం చెప్పమంటారు?"

మా అత్తగారు తల పైకెత్తి చూసింది. గడియారంలో ఐదూ యాభై ఒకటి.

"ఏమీ చెప్పకు," అంది. "వాళ్ళ నంబర్లు నీ ఫోన్లో ఉంటాయిగా, అవి నాకు పంపించు. ఒక్కొక్కళ్ళకీ నేనే ఫోన్ చేసి చెప్తాను. ఆ నిమ్మబిళ్ళల కేక కూడా నేనే వింటాను. ఆఖరిదాకా వింటాను. ముందు ఆ ఆరంకెలూ చెప్పు బాబూ, టైమైపోతోంది."

అవతల గుణధర్ ముక్కు చీదుకుని, మొదటి అంకె చెప్పాడు.